కరగని చోటు నుంచి తెల్లవారని చోటికి

కెనడా ఉత్తరపు కొసన రెండు చిన్న ఊళ్లు. మధ్యన ఆకాశంలో 380 కిలోమీటర్లు. చిన్న విమానంలో గంటన్నర లోపు ప్రయాణం. రోడ్డు లేదు, రైలు లేదు, ఏడాదిలో ఎక్కువ నెలలు ఓడ కూడా రాదు. ఆ దూరం అక్కడ ఎలా పుట్టిందో తెలిస్తే, ఆ విమానం ఎందుకు ఆగకూడదో అర్థమవుతుంది.

మన పెద్దవాళ్లకు దూరం చెప్పడానికి కిలోమీటర్లు అక్కర్లేకపోయేది. కేకేస్తే వినపడేంత దగ్గరైతే కూతవేటు. సద్ది కట్టుకుని బయల్దేరాల్సినంతైతే ఆమడ. అంతకు మించితే దారిలో ఎవరింట్లోనో ఒక నిద్ర చేసి పోవాలి. మనిషి గొంతు, కాళ్లు, ఆకలి, అలసట... వీటితో కొలిచిన దూరాలవి.

ఆర్కిటిక్ మంచు మీద కుక్కల బండ్లతో తిరిగిన ఇన్యుయిట్ ప్రజల లెక్కా ఇలాంటిదే. ఫలానా చోటు ఎంత దూరమని అడిగితే దారిలో ఎన్ని నిద్రలో చెప్పేవారు. గాలి ఎదురైనా, మంచు పగిలినా నిద్రల లెక్క పెరిగేది. దూరంతో పాటు దారి కష్టాన్ని కూడా కలుపుకొన్న కొలత అది.

ఇప్పుడు అదే నేల మీద, రెండు ఊళ్ల మధ్య దూరాన్ని విమానం నిమిషాల్లో చెబుతోంది. ఆ ఊళ్లు గ్రీస్ ఫియోర్డ్, రెజల్యూట్. వాటి మధ్య దూరం ఎంతని అడిగితే ఒక్క జవాబు చాలదు.

ఒక్క అక్షరం తేడా

రెండు ఊళ్లూ కెనడాలోని నునావుట్ ప్రాంతంలోవే. రెజల్యూట్ ఉన్నది కార్న్‌వాలిస్ దీవిలో. గ్రీస్ ఫియోర్డ్ ఉన్నది ఎల్స్‌మియర్ దీవి దక్షిణపు ఒడ్డున, కొండలకూ సముద్రానికీ మధ్య సన్నటి నేల మీద. 2021 జనగణన ప్రకారం రెజల్యూట్ జనాభా 183, గ్రీస్ ఫియోర్డ్ జనాభా 144. మన నగరాల్లో ఒక మోస్తరు అపార్టుమెంటులోనే అంతకన్నా ఎక్కువమంది ఉంటారు. సాధారణ ప్రజలు కాపురముండే ఊళ్లలో కెనడాకు ఉత్తరాన చిట్టచివరిది గ్రీస్ ఫియోర్డే. దానికి పైన ఉన్నవన్నీ వాతావరణ కేంద్రాలు, సైనిక స్థావరాలే.

ఈ పేర్లు బయటివాళ్లు పెట్టినవి. ఆర్కిటిక్‌లో గల్లంతైన ఫ్రాంక్లిన్ యాత్రికులను 1850లలో వెతుకుతూ వచ్చిన బ్రిటిష్ ఓడ పేరు రెజల్యూట్. మంచులో చిక్కుకున్న ఆ ఓడను 1854లో వదిలేసి వెళ్లారు. అమెరికన్ తిమింగలాల వేటగాళ్లకు దొరికి, చివరికి ఇంగ్లండు చేరింది. దాని కలపతో చేయించిన బల్లనే విక్టోరియా రాణి 1880లో అమెరికా అధ్యక్షుడికి కానుకగా పంపారు. శ్వేతసౌధం ఫొటోల్లో మనం తరచూ చూసే 'రెజల్యూట్ డెస్క్' అదే. ఇక గ్రీస్ ఫియోర్డ్ అంటే నార్వే భాషలో పందుల కయ్య. 1898-1902 మధ్య ఇక్కడ తిరిగిన అన్వేషకుడు ఒట్టో స్వెర్‌డ్రప్‌కు వాల్రస్‌ల అరుపులు పందుల గురగురల్లా వినిపించాయట.

అక్కడ బతికేవాళ్ల భాష ఇనుక్టిటుట్‌లో గ్రీస్ ఫియోర్డ్ పేరు 'ఆవుసుయిత్తుక్', అంటే ఎన్నడూ కరగని చోటు. రెజల్యూట్ పేరు 'ఖావుసుయిత్తుక్', అంటే తెల్లవారని చోటు. రెండు పేర్లకూ మొదట్లో ఒక్క ధ్వని తేడా. రెజల్యూట్‌లో నవంబరు మొదటి వారంలో దిగిన సూర్యుడు మళ్లీ ఫిబ్రవరి మొదటి వారానికి గాని కనిపించడు. గ్రీస్ ఫియోర్డ్ ఇంకా ఉత్తరాన ఉంది కాబట్టి అక్కడ చీకటి మరికొన్ని రోజులెక్కువ. వేసవిలో రెండు ఊళ్లలోనూ నెలల తరబడి పొద్దు వాలదు. కన్నవాళ్లు కవలలకు ప్రాస కలిపి పెట్టుకున్నట్టున్న ఈ పేర్ల వెనుక కథ వేరే ఉంది. దాని దగ్గరికి వద్దాం.

గోడ మీది మ్యాపు నమ్మొద్దు

బడిలో గోడకు వేలాడే ప్రపంచ పటంలో ఈ రెండు ఊళ్ల మధ్య ఎడం చాలా పెద్దదిగా కనిపిస్తుంది. భూగోళాన్ని చాపలా పరిచిన పటమది. పైకి వెళ్లేకొద్దీ నేలను సాగదీస్తుంది. ఈ ఊళ్లున్న చోట దాదాపు నాలుగింతలు సాగుతుంది. సుమారు 21.7 లక్షల చదరపు కిలోమీటర్ల గ్రీన్‌లాండ్, 32.9 లక్షల చదరపు కిలోమీటర్ల మన దేశం కంటే పెద్దదిగా అందులో కనిపించేది అందుకే.

రెజల్యూట్, గ్రీస్ ఫియోర్డ్‌ల మధ్య 12 డిగ్రీల రేఖాంశం తేడా ఉంది. భూమధ్యరేఖ దగ్గర 12 డిగ్రీలంటే 1,300 కిలోమీటర్ల పైమాటే. ఉత్తరానికి పోయేకొద్దీ రేఖాంశాలు గొడుగు ఊచల్లా దగ్గరవుతాయి. ఇక్కడికొచ్చేసరికి అవే 12 డిగ్రీలు 335 కిలోమీటర్లకు కుదించుకుపోతాయి. ఉత్తరం వైపు ఉన్న కాస్త ఎడాన్నీ కలుపుకుంటే విమానం దారి 380 కిలోమీటర్లు తేలుతుంది. హైదరాబాద్ నుంచి తిరుపతికి ఆకాశంలో ఉన్న దూరం కంటే కొంచెం తక్కువ.

ఆ గొడుగు ఊచలే పైలట్లకు మరో చిక్కు తెస్తాయి. రేఖాంశాలన్నీ ధ్రువం దగ్గర కలుసుకుంటాయి గనుక, ముక్కుసూటిగా ఎగిరినా ఈ కాస్త దూరంలోనే విమానం దిశ లెక్క 11 డిగ్రీలకు పైగా మారిపోతుంది. దిక్సూచిని నమ్ముకుందామంటే అదీ కుదరదు. భూమి అయస్కాంత ఉత్తర ధ్రువం గత శతాబ్దంలో ఎక్కువ కాలం ఈ దీవుల మధ్యే తిరుగాడింది. ఇప్పుడు సైబీరియా వైపు జరిగిపోతున్నా, ఈ ప్రాంతంలో దిక్సూచి ముల్లు ఇంకా నిలకడగా ఉండదు. అందుకే ఇక్కడి రన్‌వేల అంకెలను నిజమైన ఉత్తర దిక్కును బట్టి పెట్టారు. రెజల్యూట్ రన్‌వే అంకెల పక్కన 'టి' అనే అక్షరం ఉంటుంది. ఇది అయస్కాంతం చూపే ఉత్తరం కాదని పైలట్‌కు గుర్తుచేసే గుర్తు అది.

మన తెలుగువాళ్లలో చాలామంది తెలియకుండానే ఈ ఆకాశం కింద నుంచో పక్క నుంచో దాటి ఉంటారు. దుబాయ్ మీదుగా సియాటిల్‌కో, శాన్‌ఫ్రాన్సిస్కోకో వెళ్లే విమానాలు ధ్రువ ప్రాంతం మీదుగా సాగుతాయి. 2021 జనవరిలో జోయా అగర్వాల్, పాపగారి తన్మయి, ఆకాంక్ష సోనావరే, శివానీ మన్హాస్ అనే నలుగురు మహిళా పైలట్లు శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి బెంగళూరుకు ఎయిరిండియా విమానాన్ని ఉత్తర ధ్రువం మీదుగా నడిపించారు. పెద్ద జెట్ విమానానికి ధ్రువం దగ్గరి దారి. దాని నీడన బతికేవాళ్లకు మాత్రం పక్క ఊరు చేరడమే పెద్ద ప్రయాణం.

గంటా ఇరవై అయిదు నిమిషాలు

రెజల్యూట్‌లో కంకర రన్‌వే దాదాపు 2 కిలోమీటర్ల పొడవుంటుంది. జెట్‌లు దిగగలవు. గ్రీస్ ఫియోర్డ్‌లో కొండల అంచున ఉన్న కంకర పట్టీ అర కిలోమీటరు చుట్టుపక్కల మాత్రమే. అక్కడ దిగగలిగింది ట్విన్ ఆటర్.

డి హావిలాండ్ కెనడా సంస్థ తయారుచేసిన ఈ విమానం తొలిసారి ఎగిరింది 1965 మే 20న. రెండు టర్బోప్రాప్ ఇంజన్లు, 19 సీట్లు. చక్రాలు లోపలికి ముడుచుకోవు. చక్రాల స్థానంలో మంచుబద్దలు తగిలిస్తే మంచు మీద, తేలే తొట్లు తగిలిస్తే నీళ్ల మీద దిగుతుంది. కాస్త నేల దొరికితే లేస్తుంది, కాస్త నేల దొరికితే ఆగుతుంది. ఏళ్ల తరబడి ఈ దారిలో కెన్ బోరెక్ ఎయిర్ సంస్థ ట్విన్ ఆటర్లే తిరిగాయి. 2001 ఏప్రిల్‌లో దక్షిణ ధ్రువ కేంద్రంలో జబ్బుపడ్డ డాక్టర్ రోనాల్డ్ షెమెన్‌స్కీని చీకటి కాలం మొదలయ్యాక వెళ్లి తీసుకొచ్చింది కూడా ఆ సంస్థ ట్విన్ ఆటరే. 2016 జూన్‌లో, నడి చీకటి కాలంలో, అలాంటి సాహసమే మళ్లీ చేశారు. భూమికి రెండు కొసల్లోనూ మనిషి ప్రాణం ఈ చిన్న విమానం మీద ఆధారపడిందన్నమాట.

గంటకు 270 కిలోమీటర్ల చొప్పున పోతే 380 కిలోమీటర్లకు గంటా ఇరవై అయిదు నిమిషాలు. రెజల్యూట్‌లో లేచిన విమానం వెల్లింగ్టన్ ఛానెల్ దాటి డెవన్ దీవి మీదికి వస్తుంది. 55,000 చదరపు కిలోమీటర్ల ఆ దీవిలో మనిషి కాపురం లేదు. జనం లేని దీవుల్లో ప్రపంచంలోకెల్లా పెద్దది అదే. సగం దారిలో, కొంచెం దక్షిణంగా 23 కిలోమీటర్ల వెడల్పున హాటన్ ఉల్కా బిలం ఉంటుంది. అంగారకుడి నేలను పోలి ఉందని 1997 నుంచి అమెరికా శాస్త్రవేత్తలు వేసవుల్లో అక్కడికొచ్చి, రేపటి అంతరిక్ష యాత్రలకు కావలసిన పరికరాలను పరీక్షిస్తున్నారు. ఆ దీవి దాటితే జోన్స్ సౌండ్ అనే సముద్రపు పాయ. దాని ఆవలి ఒడ్డున నిట్టనిలువు కొండలు, వాటి పాదాల దగ్గర గుప్పెడు ఇళ్లు. అదే గ్రీస్ ఫియోర్డ్.

గడియారం పనిచేయని రోజులు

ఈ గంటా ఇరవై అయిదు నిమిషాలు ఆకాశం ఒప్పుకున్న రోజు లెక్క. ఆకాశం చాలాసార్లు ఒప్పుకోదు. రెజల్యూట్‌లో ఏడాది సగటు ఉష్ణోగ్రత దాదాపు సున్నాకు 15 డిగ్రీల దిగువ. చలికాలంలో గాలి లేచిందంటే నేల మీది పొడి మంచు తెరలా పైకి లేస్తుంది, పక్క ఇల్లు కనపడదు. వేసవిలో సముద్రం కాస్త విచ్చుకోగానే పొగమంచు ఊరి మీదికి పాకుతుంది. గ్రీస్ ఫియోర్డ్‌లో కొండలు తేటగా కనపడనప్పుడు దిగడమంటే ప్రాణాలతో చెలగాటమే. అలాంటప్పుడు రెజల్యూట్‌లో ఆగిపోయినవాళ్లు రేపో ఎల్లుండో అనుకుంటూ ఎదురుచూడాలి. నిద్రల లెక్క మళ్లీ మొదలవుతుంది.

ఆ జాగ్రత్త ఎందుకో రెజల్యూట్‌కు బాగా తెలుసు. 2011 ఆగస్టు 20న యెల్లోనైఫ్ నుంచి వస్తున్న ఫస్ట్ ఎయిర్ సంస్థ బోయింగ్ 737 విమానం, మబ్బు కిందికి దిగిన వేళ, రన్‌వేకు తూర్పున ఉన్న గుట్టను ఢీకొంది. విమానంలో ఉన్న 15 మందిలో 12 మంది చనిపోయారు. సైనిక విన్యాసాల కోసం అక్కడికి వచ్చి ఉన్న బలగాలు వెంటనే పరుగెత్తి, మిగిలిన ముగ్గురినీ కాపాడాయి. దిశ చూపే పరికరాల్లో తప్పు, ఆటోపైలట్ తీరు మారి విమానం దారి తప్పినా సరిదిద్దుకోలేకపోవడం, ఇలా ఎన్నో కారణాలను 2014 నాటి దర్యాప్తు నివేదిక బయటపెట్టింది. ఇంత చిన్న సమాజంలో పన్నెండు ప్రాణాలంటే దుఃఖం సోకని గడప ఉండదు.

దక్షిణానికి పోవాలంటే పడమటికి

నునావుట్‌లో 25 ఊళ్లున్నాయి. 20 లక్షల చదరపు కిలోమీటర్లకు పైగా నేల, 2021లో 37,000 కంటే తక్కువ జనం. ఒక ఊరి నుంచి మరో ఊరికి రోడ్డు లేదు. వేసవి చివర మంచు కరిగిన కొద్ది వారాల్లో సరుకుల ఓడ వస్తుంది. ఏడాదికి సరిపడా ఇంధనం, సిమెంటు, బళ్లు, డబ్బాల తిండి అప్పుడే దిగుతాయి. పాలు, కూరగాయలు, మందులు, ఉత్తరాలు, మనుషులు విమానం మీదే. అందుకే అక్కడ ఒక టమాటాకు కూడా విమాన చార్జీ ఉంటుంది. 2011 నుంచి ప్రభుత్వం ఆహారం రవాణాకు రాయితీ ఇస్తున్నా, అంగట్లో ధరలు దక్షిణాది నగరాల వాళ్లను బెదరగొడతాయి. 2019లో ఉత్తరాది విమాన సంస్థలు ఫస్ట్ ఎయిర్, కెనడియన్ నార్త్ కలిసిపోయాక, చాలా ఊళ్లవాళ్లకు టిక్కెట్టు కొనడానికి మరో కంపెనీ లేకుండా పోయింది.

గ్రీస్ ఫియోర్డ్ నుంచి రాజధాని ఇకాలుయిట్‌కు నేరుగా గీత గీస్తే 1,500 కిలోమీటర్లు. ఉత్తర ధ్రువం కూడా ఆ ఊరికి దాదాపు అంతే దూరం. అయితే నేరుగా పోయే విమానం లేదు. ఆగ్నేయంగా ఉన్న రాజధాని కోసం ముందు 380 కిలోమీటర్లు పడమటికి, రెజల్యూట్‌కు పోవాలి. అక్కడి నుంచి మరో 1,570 కిలోమీటర్లు. పెద్ద ఆసుపత్రి ఉన్నది ఇకాలుయిట్‌లో. అక్కడా కుదరని వైద్యానికి ఇంకో 2,100 కిలోమీటర్లు దిగువన ఉన్న ఒట్టావాకు పోవాలి.

ఇలాంటి చిన్న ఊళ్ల ఆరోగ్య కేంద్రాల్లో ఉండేది నర్సులే. డాక్టర్లు అప్పుడప్పుడు వచ్చిపోతారు. గర్భిణులు కాన్పుకు కొన్ని వారాల ముందే ఊరు విడిచి ఆసుపత్రి ఉన్న పట్టణానికి చేరాలి. మన దగ్గర పురిటికి పిల్ల పుట్టింటికి వస్తుంది. తల్లి చేతి పత్యం, పక్కింటి పెద్దమ్మల పలకరింపు ఉంటాయి. అక్కడి పిల్ల ఆ వారాలను పరాయి ఊళ్లో, వసతి గృహంలో లెక్కపెట్టుకుంటుంది. పెద్ద పిల్లలు ఇంటి దగ్గర. బిడ్డ పుట్టాక విమానం దొరికి, వాతావరణం కుదిరితే ఇల్లు. వాళ్లకు టైమ్‌టేబుల్ అంటే అదీ.

ఒక ఓడ, విడిపోయిన ఒక ఊరు

అసలు ఇంత దూరాన మనుషులు ఎందుకున్నారు? ఈ ప్రశ్నకు జవాబు 1953లో ఉంది.

రెజల్యూట్‌లో ఊరి కంటే ముందు విమానాశ్రయం పుట్టింది. 1947లో కెనడా, అమెరికా కలిసి వాతావరణ కేంద్రం పెట్టాయి. రెండేళ్లకు వైమానిక స్థావరం వచ్చింది. సోవియట్ యూనియన్‌తో ప్రచ్ఛన్న యుద్ధం నడుస్తున్న రోజులవి. ఆ దీవుల మీద కెనడా పౌరులు ఎవరూ కాపురం లేరు.

1953 వేసవిలో సి.డి.హౌ అనే ప్రభుత్వ ఓడ ఉత్తర క్యుబెక్ తీరంలోని ఇనుక్జువాక్ నుంచి కొన్ని ఇన్యుయిట్ కుటుంబాలను ఎక్కించుకుంది. సొంత ఊళ్లో వేట తగ్గిపోయిందని, కొత్త చోట జంతువులు దండిగా ఉంటాయని, నచ్చకపోతే రెండేళ్లకు తిరిగి రావచ్చని అధికారులు చెప్పారు. చీకటి కాలంలో బతకడం నేర్పడానికి పాండ్ ఇన్లెట్ నుంచి మరికొన్ని కుటుంబాలను తీసుకున్నారు. ఇనుక్జువాక్ వాళ్ల ప్రయాణం 2,000 కిలోమీటర్లు ఉత్తరానికి. 1955లో మరో విడత వెళ్లారు. మొత్తం 90 మందికి పైగా. ఆ రెండో విడతలో గ్రీస్ ఫియోర్డ్ చేరినవాళ్లలో జోసెఫీ ఫ్లాహర్టీ ఉన్నాడు. 1922లో 'నానూక్ ఆఫ్ ద నార్త్' తీసి ఇన్యుయిట్ల జీవితాన్ని ప్రపంచానికి చూపిన రాబర్ట్ ఫ్లాహర్టీ కొడుకు అతడు.

అందరూ ఒకే చోట ఉంటామనుకుని ఎక్కారు. ఉత్తరాన ఓడ డెక్ మీద ఉండగా చెప్పారు: కొందరు ఎల్స్‌మియర్‌లో దిగాలి, కొందరు రెజల్యూట్‌కు పోవాలి. అన్నదమ్ములు, మేనత్తలు, తాతలు అక్కడికక్కడే విడిపోయారు. ఆడవాళ్లు ఏడ్చారని, వాళ్ల ఏడుపు విని కుక్కలూ ఊళలు పెట్టాయని, ఆ రోజు అయిదారేళ్ల పిల్లాడిగా డెక్ మీదున్న జాన్ అమగోఆలిక్ పెద్దయ్యాక చెప్పారు.

380 కిలోమీటర్ల ఆ దూరం పుట్టింది ఆ డెక్ మీదనే. ఆ రోజు దాకా వాళ్లు ఒక ఊరివాళ్లు.

తొలి శీతాకాలం గుడారాల్లో గడిచింది. నెలల తరబడి చీకటి వాళ్లు అంతకుముందు ఎరగనిది. ఎల్స్‌మియర్‌లో తిరిగే కస్తూరి ఎద్దులను వేటాడటానికి చట్టం ఒప్పుకోలేదు. రెజల్యూట్‌లో దిగినవాళ్లు స్థావరం పారేసిన చెక్కపెట్టెలతో గుడిసెలు కట్టుకున్నారు. విమానాలు వచ్చిపోయే చోటు పక్కనే బతుకుతూ, తాము మాత్రం ఇంటికి పోలేకపోయారు. రెండేళ్ల మాటను ప్రభుత్వం నిలబెట్టుకోలేదు. తిరిగి వెళ్లదలచినవాళ్లకు ప్రభుత్వ ఖర్చుతో ప్రయాణం దక్కింది 1980ల చివర్లోనే.

వేట దొరకాలనే పంపామని ప్రభుత్వం చాలా కాలం వాదించింది. ఆర్కిటిక్ మీద కెనడా హక్కు చాటుకోవడానికి తమను జెండాకర్రల్లా పాతారని ఇన్యుయిట్లు అన్నారు. 1994లో రాయల్ కమిషన్ క్షమాపణ చెప్పమంది. 1996లో కోటి డాలర్ల నిధి ఇచ్చిన ప్రభుత్వం, నోరు తెరిచి క్షమాపణ కోరింది 2010 ఆగస్టు 18న. అప్పటికి ఓడ ఎక్కిన పెద్దవాళ్లలో చాలామంది లేరు. డెక్ మీది ఆ పిల్లాడు జాన్ అమగోఆలిక్ మాత్రం తన ప్రజలకు సొంత ప్రాంతం కోసం దశాబ్దాలు పోరాడి, 1999 ఏప్రిల్ 1న ఏర్పడిన నునావుట్‌కు పితామహుడనిపించుకున్నారు.

ఎదురుచూసే రాళ్లు

ఇప్పుడు ఆ ఊళ్లు శిక్షలా మిగిలిపోలేదు. అక్కడ పుట్టి పెరిగిన మూడో తరం, నాలుగో తరం వాళ్లున్నారు. గ్రీస్ ఫియోర్డ్ వేసవిలో హిమనదం కరిగిన నీటిని ట్యాంకుల్లో నింపుకుని ఏడాదంతా తాగుతుంది. సీల్, నార్వాల్, ధ్రువపు ఎలుగు ఏ కాలంలో ఎక్కడ దొరుకుతాయో అక్కడి పిల్లలకు తెలుసు. తాతలను బలవంతాన దింపిన నేలను మనవలు సొంత ఊరు చేసుకున్నారు.

అందుకే ఈ విమానం సంగతిని లాభనష్టాల పుస్తకంలో చూడకూడదు. 144 మంది కోసం అంత ఖర్చా అని అడిగేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. ఆ 144 మంది తమంతట తాము వెతుక్కుంటూ పోయిన చోటు కాదది. దేశం తన హద్దు కోసం వాళ్లను అక్కడ నిలబెట్టింది. ఆ దూరాన్ని కల్పించిన ప్రభుత్వమే దాన్ని దాటించే బాధ్యత మోయాలి. టిక్కెట్టు ధర, విమానాల సంఖ్య, రన్‌వే దీపాలు, గర్భిణికి తోడు వెళ్లే మనిషి చార్జీ... ఇవన్నీ ఉపకారం కింద రావు, బాకీ కింద వస్తాయి.

2010లో రెండు ఊళ్లలోనూ స్మారక శిల్పాలు వెలిశాయి. గ్రీస్ ఫియోర్డ్ శిల్పాన్ని లూటీ పిజమినీ చెక్కారు. ఒక తల్లి, పక్కన పిల్లాడు, ఒక కుక్క. ఆమె దిగులుగా రెజల్యూట్ వైపు చూస్తోంది. రెజల్యూట్ శిల్పాన్ని సిమియోనీ అమగోఆలిక్ చెక్కారు. ఒంటరిగా నిలబడ్డ మగమనిషి. అతడు గ్రీస్ ఫియోర్డ్ వైపు చూస్తున్నాడు.

ఆ ఇద్దరి మధ్య 380 కిలోమీటర్లు. ట్విన్ ఆటర్ గంటా ఇరవై అయిదు నిమిషాల్లో దాటుతుంది.